సకినాలు, స్టాప్‌వాచీ, ఒక హెల్మెట్

మగవాళ్ళతో సకినాలు చేయించబోయి ఆదివారం జరిగినదాన్ని ఆదివారమే మర్చిపోదామనుకున్నాం. కానీ కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఆ వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది, పైగా ఎవరో పుణ్యాత్ములు దానికి తీన్మార్ డప్పు కూడా కలిపారు. ఇక దాచి లాభం లేదు. మహిళా సమానత్వ సంఘం, మా శాఖ తరఫున, అసలు ఏమైందో చెప్పేస్తున్నాం.

మా శాఖకు సీజన్ నవంబరు 25న మొదలవుతుంది. అక్కణ్ణుంచి డిసెంబరు 10 దాకా, స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా పదహారు రోజుల కార్యక్రమాలు. ఆ తర్వాత బుక్ ఫెయిర్‌కు పోయి ఆడపిల్లల హాస్టల్‌కు పుస్తకాలు కొనడం, జనవరి 3న సావిత్రిబాయి ఫూలే జయంతి, 24న బాలికా దినోత్సవం. మధ్యలో సంక్రాంతి. ఆంధ్రా వైపు సభ్యులంతా విజయవాడ రోడ్డెక్కేస్తారు కాబట్టి, ఊళ్ళో మిగిలినవాళ్ళం సకినాలు చేసి అమ్ముతాం. ఆ డబ్బుతో ఇంటర్ చదివే అమ్మాయిలకు ఎప్‌సెట్ దరఖాస్తు ఫీజులు కడతాం. ఏళ్ళ తరబడి ఏ గొడవా లేకుండా నడిచిన పని ఇది.

ఈసారి డిసెంబరు మీటింగులో డిగ్రీ చదివే ఒక అమ్మాయి లేచి, "ఆంటీ, సమానత్వం సంఘమంటరు, సకినాలేమో ఆడోళ్ళే చేస్తరా?" అంది. అందరం టీ గ్లాసుల్లోకి చూశాం.

అలా పుట్టింది ఆలోచన. కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వేలో ఒక లెక్క ఉంది. జీతం లేని ఇంటిపని మీద ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 88. అదీ ఎంతోకొంత పని చేసినవాళ్ళ సగటు మాత్రమే. గ్లాసు తీసి సింకులో కూడా వేయనివాళ్ళు ఆ 88లోకి రారు. 2019 సర్వేలో ఇవే అంకెలు 299, 97. అంటే ఐదేళ్ళలో ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గితే, మగవాళ్ళు కూడా ఊరుకోకుండా తొమ్మిది తగ్గించుకున్నారు. కాబట్టి ఈ సంక్రాంతికి మగవాళ్ళు స్టాప్‌వాచీ పెట్టుకుని 289 నిమిషాలు సకినాలు చేయాలి, ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చోవాలి అని తీర్మానం. పది అడుగుల ఫ్లెక్సీ కూడా కొట్టించాం: ఒక పక్క 289, ఇంకో పక్క 88, మధ్యలో తక్కెడ.

ఆ ఫ్లెక్సీని గుర్తుపెట్టుకోండి.

ఇక హాలు. కాలనీ కమ్యూనిటీ హాలు కావాలంటే ఫారం నింపాలి. అందులో 'భర్త/తండ్రి పేరు' అనే గడి ఉంటుంది. మాది 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘం, సంఘానికి భర్త ఉండడు సార్ అంటే కార్యదర్శిగారు కళ్ళద్దాలు సర్దుకుని, "అయితే ఎవరైనా సారుతో సంతకం పెట్టించుకుని రండమ్మా" అన్నారు. పెట్టించాం. డిపాజిట్ 3,000. ఫ్యాన్లు వేస్తే గంటకు వేరే ఛార్జీ. హాలు పది నుంచి మూడింటి దాకా. 289 నిమిషాలంటే నాలుగు గంటల నలభై తొమ్మిది నిమిషాలు. గచ్చు కడగడానికి 11 నిమిషాలు మిగులుతాయి. కాగితం మీద సరిగ్గా సరిపోయింది. తాళంచెవి పది ముప్పై అయిదుకు వచ్చింది.

సకినాల పని తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. కిలో బియ్యానికి పావుకిలోకు కాస్త తక్కువ నువ్వులు, రెండు చెంచాల వాము, ఉప్పు. అంతే, ఇంకేమీ ఉండదు. ఇంకేమీ లేదు కాబట్టే తప్పు చేస్తే దాచుకునే చోటు కూడా ఉండదు. బియ్యం రాత్రంతా నానాలి. పొద్దున వార్చి, నీడన బట్ట మీద ఆరబోసి, పిడికిట పడితే చల్లగా తగులుతుండగానే గిర్నీకి పట్టుకుపోవాలి. పండగ రోజుల్లో తడిపిండి పట్టేది పొద్దున ఏడింటిలోపే. ఆ తర్వాత గోధుమలు మొదలుపెడితే గిర్నీవాడు మిమ్మల్ని దగ్గరకు రానివ్వడు. పట్టిన పిండిని సన్నజల్లెడ పట్టాలి. నూక మిగిలితే చుట్టేటప్పుడు పోగు తెగుతుంది. చన్నీళ్ళతోనే కలపాలి, చెవితమ్మెంత మెత్తగా. మొత్తం ఒకేసారి కలిపితే అడుగుది ఎండిపోతుంది కాబట్టి కిలో చొప్పునే.

మేం పెట్టింది ఐదు కిలోలు. నానబెట్టడం శనివారం రాత్రి జరిగింది. ఎవరు నానబెట్టారని అడక్కండి, స్టాప్‌వాచీ ఆదివారం గదా మొదలయ్యేది. సామాన్ల చిట్టీ ఎవరు రాశారనీ అడక్కండి.

పనిలోకి దిగిన మగవాళ్ళు తొమ్మిదిమంది. బ్యాంకులో రిటైరైన పెద్దాయన దగ్గర్నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లాడి దాకా. మొదటి ఇరవై నిమిషాల్లో కుర్చీల్లో కూర్చున్న మాకు తగిలిన ప్రశ్నలు ఇవి: "అక్కా, ఉప్పు యాడుంది?" "వదినా, వామంటే జీలకర్రేనా?" "అమ్మా, మెత్తగంటే ఎంత మెత్తగ?" మేం జవాబు చెబుతున్నప్పుడు వాచీ ఆపాలా వద్దా అని పెద్ద చర్చ నడిచింది. ఆపొద్దని వాళ్ళ వాదన. ఆ చర్చకు పట్టిన ఆరు నిమిషాలు కూడా వాళ్ళ ఖాతాలోనే పడ్డాయి.

చుట్టడం మాత్రం పర్వాలేదు, ఒప్పుకోవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని నులుముతూ, తాడు పేనినట్టు మెలి తిప్పుతూ వదలాలి. సాఫ్ట్‌వేర్ పిల్లాడి సకినం మొదట జిలేబీలా, తర్వాత కాలనీ డ్రైనేజీ మ్యాపులా వచ్చి, పదో దానికి మూడు చుట్లు గుండ్రంగా తిరిగింది. బ్యాంకు పెద్దాయన ఏకంగా ఐదు చుట్లు వేసి, "మా అమ్మ దగ్గర కూసుని చూసేటోణ్ణి" అన్నాడు. ఆయన భార్య కుర్చీలోంచి ఆయన్ని చూసిన చూపుకు ఒక పేజీ రాయొచ్చు. నలభై ఏళ్ళ సకినాలు కనిపించాయి అందులో.

వీటికన్నా ముందు చిక్కొచ్చింది బట్ట దగ్గర.

చిట్టీలో 'బట్ట – 4' అని రాశాం. సకినాలకు బట్ట అంటే పాత నూలు ధోవతి అని ఆడవాళ్ళెవరికీ విప్పి చెప్పక్కర్లేదు. ఆ బాధ్యత తీసుకున్నాయన తెచ్చినవి నాలుగు శాలువాలు. సన్మానం శాలువాలు. జరీ అంచు, కుచ్చులు, ఒకదాని మీద ఏదో వార్షికోత్సవం పేరు. ఇంట్లో అవే నిండా ఉన్నాయట, ఇలాగైనా పనికొస్తాయనుకున్నాడట. వాటి నూగు మీద చుట్టిన మొదటి సకినం లేపితే గొంగళిపురుగు లేచినట్టు లేచింది. అప్పటికి టైము పదకొండున్నర. ఇంటికెళ్ళి ధోవతులు తెమ్మంటే, వాచీ నడుస్తుంటే ఎట్ల పోతం అన్నారు.

ఫ్లెక్సీ గోడ మీంచి దిగింది అప్పుడే. వెనక వైపు తెల్లగా, నున్నగా ఉంది. తుడిచాంలెండి, రెండుసార్లు. సమానత్వాన్ని బోర్లా పరిచి దాని వీపు మీద సకినాలు చుట్టారు. అతుక్కోవడం లేదు, విరగడం లేదు, అట్లకాడ పెడితే జర్రున లేచి వస్తున్నాయి. "ఇన్నేండ్ల సంది గీ బట్టల మీద ఎందుకు సుడుతున్నరు మీరు?" అని ఒకాయన జాలిగా అడిగాడు. వచ్చే ఏడాది సకినాల కోసమే ప్రత్యేకంగా గుండ్రాలు అచ్చేసిన ఫ్లెక్సీ చేయిద్దామని ఇంకొకాయన. చెప్పడానికి సిగ్గుగా ఉంది, మాలో ఇద్దరం ఫొటో కూడా తీసుకున్నాం, మా అత్తలకు చూపించడానికి.

బట్ట పరిచేది సకినాన్ని పడుకోబెట్టడానికి కాదు, నీళ్ళు తాగడానికి. నూలు బట్ట మీద అరగంట, ముప్పావుగంట ఉంటే కింది తడంతా అది పీల్చేస్తుంది, పైది గాలికి ఆరుతుంది. ఫ్లెక్సీ చుక్క నీరు తాగదు. పైన పొర కట్టి ఎండినట్టు కనిపిస్తుంది, కింద చల్లగా తడి అలాగే ఉంటుంది. పోనీ ఫ్యాన్ కింద ఇంకో గంట ఉంచితే సగమైనా ఆరేది. ఫ్యాన్‌కు ఛార్జీ. గంటకు టైము లేదు, మూడింటికి హాలు ఖాళీ చేయాలి. మాలో ముగ్గురికి ఇదంతా తెలుసు. ముగ్గురమూ కుర్చీల్లో కూర్చున్నాం. ఈసారి మనం నోరు విప్పకూడదని తీర్మానం చేసింది మేమే కదా.

ఒంటి గంట పది నిమిషాలకు నూనె కాగింది. మొదటి సకినం దిగింది, బుడగలు వచ్చాయి, చప్పట్లు కొట్టారు. రెండోది, మూడోది. మూకుడులో ఐదు పట్టాయి. వీడియో తీసేవాడు ఇంకాస్త దగ్గరకు జరిగాడు.

టప్.

అందరూ గ్యాస్ పొయ్యి వైపు చూశారు. పేలింది సకినం. దాని లోపల చిక్కిన నీళ్ళు ఆవిరైతే వాటికి 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. పైపొర నూనెలో బిగుసుకుపోయింది, ఆవిరికి దారి లేదు, అదే దారి చేసుకుంటుంది. ఈ సంగతి ఇంటర్ ఫిజిక్సులో మార్కులు తెచ్చుకున్న తొమ్మిదిమందికీ తెలుసు. అయినా రెండో టప్‌కు ఒకాయన మూకుడులోకి వంగి చూశాడు. మూడోది ఆయన కళ్ళద్దాలకు తగిలింది. నాలుగో సకినం మూడు చుట్లూ విడివిడిగా లేచి, ఒకటి గోడకు, ఒకటి బ్యాంకు పెద్దాయన చొక్కా జేబులోకి పోయాయి. మూడోది ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. ఇలాంటప్పుడు మంట తగ్గించి, జల్లిమూత అడ్డం పెట్టి, వెనక్కి జరిగి, పేలేవన్నీ పేలనిచ్చి, మిగతా పచ్చివాటిని బట్ట మీదకు మార్చాలి. ఆ హాల్లో జరిగింది వేరు. తొమ్మిదిమందీ ప్లాస్టిక్ కుర్చీలు ఎత్తి డాలుల్లా పట్టుకున్నారు. స్టవ్ ఆపాలంటే దగ్గరకు వెళ్ళాలి. వెళ్ళేదెవరు? "నువ్వు పో బావా", "నువ్వే పో, నీకే దగ్గర" అని మర్యాదలు నడుస్తుండగా ఐదోది పేలింది.

అప్పుడు సాఫ్ట్‌వేర్ పిల్లాడు బయటికి పరిగెత్తాడు. పారిపోయాడనుకున్నాం. తన బండి హెల్మెట్‌తో వచ్చాడు. పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించి, అద్దం దించి, ఎడమ చేతిలో పళ్ళెం, కుడి చేతిలో జల్లిగరిటె. ట్రాఫిక్ పోలీసులు ఇన్నేళ్ళ చలాన్లతో పెట్టించలేని హెల్మెట్‌ను ఒక సకినం పెట్టించింది. నిమిషంలో అద్దం ఆవిరితో మసకబారింది, పిల్లాడికి ఏమీ కనపడడం లేదు. వెనకనుంచి ఎనిమిదిమంది "లెఫ్ట్! జర లెఫ్ట్! కిందికి!" అని అరుస్తున్నారు. స్టవ్ ఆపుతున్నాననుకుని వాడు గుబ్బను తిప్పింది మంట పెంచే వైపు. ఈ భాగమే వీడియోలో 47 సెకన్లు. డప్పు కలిపింది కూడా ఇక్కడే.

చప్పుడు విని వాచ్‌మన్ వచ్చాడు, వాచ్‌మన్ వెనక కార్యదర్శిగారు వచ్చారు. కుర్చీ డాలుల మధ్య, హెల్మెట్ మనిషి ముందు నిలబడి, హాల్లో పటాకులు నిషేధం అని రూల్సు కాగితం చదివారు. సకినాలు సార్ అంటే, సకినాలు పేలవు కదా అన్నారు. సిలిండర్ కూడా 14.2 కిలోల ఇంటి సిలిండరట, అమ్మకానికి వండితే 19 కిలోల కమర్షియల్ ఉండాలట. అది నిజమే, ఆ తప్పు మాదే. కానీ ఇదంతా ఆయన చెప్పింది మాతో కాదు, హెల్మెట్‌లో ఉన్న పిల్లాడితో. సంఘం అధ్యక్షురాలు ఎదురుగా నిలబడి ఉంటే, "మీరేనా ఇన్‌చార్జి?" అని హెల్మెట్‌ను అడిగారు.

తర్వాత ఎవరు స్టవ్ ఆపారు, ఎవరు గచ్చు కడిగారు అన్నది ఇక్కడ రాయడం అనవసరం. వాచీ 161 దగ్గర ఆగింది.

అమ్మకానికి పనికొచ్చినవి పావుకిలో పాకెట్లు ఆరు. డిపాజిట్ వెనక్కి రావాలంటే సీలింగ్ మీది నూనె మరక పోవాలి. పోయాక మళ్ళీ ఇంకో ఫారం నింపాలి, అందులోనూ ఆ గడి ఉంది. కలపని పిండి రెండు కిలోలు అధ్యక్షురాలి ఫ్రిజ్‌లో ఉంది, రేపు సాయంత్రం దాటితే పులుస్తుంది. ఎవరి ఇంట్లోనైనా పాత నూలు ధోవతి ఉంటే తీసుకుని రండి. శాలువాలు వద్దు.