కథ మార్చినా ఫర్వాలేదు, ప్రశ్న వదిలేస్తేనే చిక్కు

ఇష్టమైన సైన్స్ ఫిక్షన్ నవల సినిమాగా వస్తోందని తెలియగానే పాఠకులకు పట్టుకునే టెన్షన్ ఒకటే: ఏం కత్తిరించారో, ఎవరిని లేపేశారో, ముగింపును ఏం చేశారో అని. సినిమా చూశాక పంచాయితీ కూడా అక్కడే మొదలవుతుంది. ఆ పాత్ర లేదు, ఈ సీను లేదు, పుస్తకంలో అలా లేనే లేదు. టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అభిమానులు టామ్ బాంబడిల్ అనే పాత్ర కోసం రెండు దశాబ్దాలుగా ఇదే గొడవ పడుతున్నారు, ఆయన లేకుండానే పీటర్ జాక్సన్ మూడో సినిమా నామినేషన్ దక్కిన 11 విభాగాల్లోనూ ఆస్కార్లు పట్టుకుపోయింది. (నన్నడిగితే బాంబడిల్ లేకపోవడం పెద్ద లోటేమీ కాదు. ఆ కథలోని పొట్టి మనుషులు, హాబిట్లు, ఇంటికి తిరిగొచ్చేసరికి సొంత ఊరే పాడైపోయి ఉండే ఘట్టాన్ని ఎత్తేయడం మాత్రం లోటే.)

ఉన్నది ఉన్నట్టు తీశారా లేదా అన్న లెక్కతో ఈ సినిమాలను కొలవడం నాకు నచ్చదు. మామూలు నవలకు మనుషులే పెట్టుబడి. సైన్స్ ఫిక్షన్‌లో, ఆ మాటకొస్తే మంచి ఫాంటసీలో కూడా, ముందు ఒక ప్రశ్న పుడుతుంది, మనుషులు దాని వెనకాల వస్తారు. కెమెరాకేమో ముఖాలు కావాలి, ప్రశ్నకు ముఖం ఉండదు. అందుకే ఆ ప్రశ్నను తెరమీద కనబడేదిగా ఎలా మార్చారన్నది చూస్తే చాలు, ఎవరు రచయితను నిజంగా చదివారో, ఎవరు హక్కులు కొనుక్కుని అట్టతో సరిపెట్టుకున్నారో తెలిసిపోతుంది.

ఫిలిప్ కె. డిక్ సంగతే చూడండి. 1968లో వచ్చిన 'డూ ఆండ్రాయిడ్స్ డ్రీమ్ ఆఫ్ ఎలక్ట్రిక్ షీప్?' నవలలో యుద్ధం తర్వాత కమ్ముకున్న అణుధూళికి జంతువులు దాదాపు అంతరించిపోయాయి. ప్రాణమున్న జంతువును పెంచుకోవడం అక్కడ హోదా, అంత స్తోమత లేనివాళ్లు పక్కింటివాళ్లకు తెలియకుండా కరెంటు జంతువుతో నెట్టుకొస్తుంటారు, కథానాయకుడు డెకార్డ్ గొర్రె కూడా అలాంటిదే. ఆ నవలలో ఇసిడోర్ అనే అమాయకుడికి ఒకసారి నిజమైన సాలీడు దొరుకుతుంది. అతని దగ్గర తలదాచుకున్న ఆండ్రాయిడ్లకు, అంటే మనుషుల్లాగే కనబడే కృత్రిమ జీవులకు, దీనికి ఇన్ని కాళ్లెందుకు, నాలుగు చాలవా అని అనుమానం వస్తుంది. వాళ్లలో ప్రిస్ అనే అమ్మాయి చిన్న కత్తెర తీసుకుని ఒక్కో కాలూ కత్తిరించుకుంటూ పోతుంది. కోపం లేదు, కసి లేదు, ఊరికే ఏమవుతుందో చూద్దామని. ఇసిడోర్ పక్కన విలవిల్లాడిపోతుంటే అతనికేమైందో వాళ్లకు అర్థం కాదు. ఇంకో ప్రాణి బాధ తగలనివాణ్ని మనిషి అనొచ్చా అన్న డిక్ ప్రశ్నంతా ఆ కత్తెర దగ్గరే ఉంది.

రిడ్లీ స్కాట్ 1982లో తీసిన 'బ్లేడ్ రన్నర్'లో ఆ సాలీడు లేదు, గొర్రె లేదు, డెకార్డ్ భార్య లేదు, పుస్తకంలో సగం చోటు ఆక్రమించిన మతం ఊసే లేదు. ప్రశ్న మాత్రం ఉంది, జవాబు తలకిందులైంది. తనను వేటాడ్డానికొచ్చిన డెకార్డ్ మేడ అంచు పట్టుకుని వేలాడుతూ జారిపోయే క్షణంలో, రాయ్ బ్యాటీ అనే కృత్రిమ మనిషి, తన ఆయుష్షు ఇంకొన్ని నిమిషాలేనని తెలిసి కూడా, చెయ్యి పట్టుకుని పైకి లాగుతాడు. జాలి లేనివాడు మనిషెలా అవుతాడని పుస్తకం అడిగితే, జాలిపడినవాడు మనిషి ఎందుకు కాడని సినిమా అడిగింది. ఇంత మార్చేసినా ఇది డిక్ సినిమానే అంటాను. సినిమా మొదట్లోనే, ఎదుటివాడు మనిషా కాదా అని తేల్చే పరీక్షలో, ఎడారిలో వెల్లకిలా పడి కొట్టుకుంటున్న తాబేలును నువ్వెందుకు తిప్పట్లేదని అడుగుతారు కదా, పుస్తకం చదవనివాళ్లకు అదొక వింత ప్రశ్నలా ఉంటుంది, చదివినవాళ్లకు ఆ జంతువులేని లోకం మొత్తం ఆ ఒక్క మాటలో కనిపిస్తుంది. డిక్ ఆ ఏడాది మార్చిలో చనిపోయాడు, సినిమా జూన్‌లో విడుదలైంది. ఎఫెక్ట్స్ షాట్లు కొన్ని చూసి సంబరపడ్డాడు గానీ పూర్తి సినిమా చూసే యోగం ఆయనకు లేకపోయింది.

ఇక 2004 నాటి 'ఐ, రోబోట్'. ఇది మొదట ఆ పేరుతో రోబో కథలు రాసిన ఐజాక్ అసిమోవ్‌తో సంబంధమే లేకుండా 'హార్డ్‌వైర్డ్' అన్న పేరుతో పుట్టిన స్క్రిప్టు, ఆయన పేరు, రోబోలు మనిషికి హాని చేయకుండా ఆయన పెట్టిన మూడు సూత్రాలు, ఆయన కథల్లోని రోబో మనస్తత్వవేత్త సూసన్ కాల్విన్ తర్వాత వచ్చి అతుక్కున్నాయి. తయారుచేసినవాడి మీదే యంత్రం తిరగబడే కథలంటే విసుగెత్తి రోబో కథలు మొదలుపెట్టిన రచయిత పేరు మీద, రోబోల దండు వీధుల్లో జనం మీద పడే సినిమా తీశారు! ఇంకా తమాషా ఏమిటంటే, 1950 నాటి ఆ సంపుటిలో చివరి కథలో యంత్రాలు నిజంగానే ప్రపంచాన్ని చేతిలోకి తీసుకుంటాయి, ఒక్క అద్దం పగలకుండా, ఎవరికీ తెలియకుండా, మన మేలు కోసమే. సూసన్ కాల్విన్‌కు అందులో భయపడాల్సింది ఏమీ కనబడదు. చదివే మనకే ఎక్కడో తేడా కొడుతుంది. సినిమా ఆ ఆలోచనను పట్టుకుని కూడా దాన్ని ఛేజింగుల కింద తొక్కేసింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన జోడీ. టెడ్ చియాంగ్ 'స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్' 1998లో వచ్చిన పెద్దకథ, దాన్ని డెనీ విల్నెవ్ 2016లో 'అరైవల్'గా తీశాడు. కథకు గుండెకాయ భౌతికశాస్త్రం. కాంతి గాలిలోంచి నీళ్లలోకి పోయేటప్పుడు వంగుతుంది, ఆ వంగిన దారే అన్నిటికంటే తక్కువ సమయం పట్టే దారి. ఇది ఫెర్మా సూత్రం. అయితే బయల్దేరకముందే ఏ దారి దగ్గరో లెక్కకట్టాలంటే ఎక్కడికి చేరాలో కాంతికి ముందే తెలిసుండాలి కదా? కథలో భూమికొచ్చిన గ్రహాంతరవాసులు ప్రపంచాన్ని చూసేది అలాగే, మొదలూ చివరా ఒకేసారి. వాళ్ల భాష నేర్చుకున్న భాషావేత్త లూయిస్‌కు కూడా తన కూతురి జీవితం మొత్తం ముందే కనబడటం మొదలవుతుంది. కథంతా ఆ కూతురితో చెబుతున్నట్టే నడుస్తుంది, నువ్వు ఇలా చేస్తావు, అప్పుడు నేనిలా అంటాను అని.

ఫెర్మా సూత్రాన్ని బోర్డు మీద గీసి వివరిస్తే హాల్లో సగం మంది ఫోన్లు తీస్తారు. అందుకే దాన్ని వదిలేసి, సినిమాకు మాత్రమే చేతనయ్యే పని ఒకటి చేశారు. మొదటి కొద్ది నిమిషాల్లో పాప పుట్టడం, పెరగడం, జబ్బుపడి చనిపోవడం వరసగా చూపిస్తారు, అదంతా గతమనే అనుకుంటాం. అలాంటి షాట్లు వస్తే ఫ్లాష్‌బ్యాక్ అనుకోవడం ఏళ్ల తరబడి సినిమాలు చూసి మనకు అంటిన అలవాటు. ఆ అలవాటునే మన మీదకు తిప్పారు. అది జరగబోయేదని తెలిసిన క్షణంలో కాలాన్ని లూయిస్ చూసినట్టు మనమూ చూస్తాం, సిద్ధాంతం ఒక్క ముక్క చెప్పకుండానే.

అయినా ఒక మార్పు దగ్గర నాకు పేచీ ఉంది. కథలో కూతురు 25 ఏళ్ల వయసులో కొండ ఎక్కుతూ పడి చనిపోతుంది, సినిమాలో అంతకంటే చిన్న వయసులో నయంకాని జబ్బుతో. చిన్న మార్పులా కనబడుతుంది గానీ బరువంతా ఇక్కడే ఉంది. జబ్బును ఎవరూ ఆపలేరు, కాబట్టి తెలిసి కూడా ఆ బిడ్డను కనాలా వద్దా అన్న దగ్గర సినిమా ఆగిపోతుంది. ప్రమాదం అలా కాదు, 'ఈ రోజు వెళ్లకమ్మా' అన్న ఒక్క మాట చాలేమో అనిపిస్తుంది. తల్లి ఆ మాట అనదు. ఎందుకు అనదో, అనడం ఆమెకు అసలు సాధ్యమేనా అన్నదే చియాంగ్ మనల్ని నిద్రపోనివ్వకుండా చేసే ప్రశ్న. విల్నెవ్ దాన్ని కాస్త మెత్తబరిచాడు, బదులుగా చైనా జనరల్‌కు ఫోన్ చేసి యుద్ధం ఆపే ఘట్టం ఒకటి కలిపాడు. ఉత్కంఠ కోసం తప్పలేదేమో. కథకు మాత్రం ఆ ఫోన్ అక్కర్లేదు.

మరి ప్రశ్నే మార్చేస్తే సినిమా పాడైపోయినట్టేనా? 'సొలారిస్' ఇక్కడే నా వాదనకు అడ్డం తిరుగుతుంది. స్టానిస్లావ్ లెమ్ 1961 నవలలో ఒక గ్రహాన్ని కమ్ముకున్న సముద్రం ఉంటుంది, దానికి మెదడు లాంటిదేదో ఉంది, దాని గురించి తరాలుగా శాస్త్రవేత్తలు రాసిన గ్రంథాలు లైబ్రరీ నిండా ఉన్నాయి, ఒక్కదానికీ అది అంతుబట్టలేదు. ఆ సముద్రం, అక్కడి పరిశోధన స్టేషన్‌లో ఉన్న కెల్విన్ అనే శాస్త్రవేత్త దగ్గరికి చనిపోయిన అతని భార్యను పంపిస్తుంది. ఆమె గౌను విప్పబోతే విప్పడానికి వీలే ఉండదు, బొత్తాలు ఊరికే అలంకారానికి ఉన్నాయి, కత్తిరించాల్సి వస్తుంది. అతని జ్ఞాపకంలోంచి నకలు తీసిన మనిషి ఆమె, గౌను ఎలా విప్పుకుంటుందో ఆ జ్ఞాపకంలో లేదు. మనిషి ఎంత దూరం పోయినా తనలాంటి దాన్నే అర్థం చేసుకోగలడు, తనలా లేనిది ఎదురైతే చేతులెత్తేస్తాడు అన్నది లెమ్ పట్టుదల.

దీన్ని సినిమాగా తీసిన రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీకి ఆ సముద్రంతో పెద్దగా పని లేదు. నవల మొదటి పేజీలోనే కెల్విన్ గ్రహం వైపు దూసుకుపోతుంటే, 1972 సినిమా ముప్పావుగంట దాకా భూమి మీదే ఉంటుంది, నీళ్లలో ఊగే నాచు, వాన, తండ్రి ఇల్లు, టోక్యో ఫ్లైఓవర్ల మీద ఎంతకీ తెగని కారు ప్రయాణం. దాన్ని పశ్చాత్తాపం కథగా, ఇంటి మీద బెంగగా మార్చేశాడు. నువ్వు తీసింది సొలారిస్ కాదు, దోస్తోవ్‌స్కీ 'క్రైమ్ అండ్ పనిష్‌మెంట్' అని లెమ్ మండిపడ్డాడు. తర్వాత 2002లో సోడర్‌బర్గ్ సినిమా వచ్చినప్పుడు కూడా, చూడకుండా సమీక్షల ఆధారంగానే, నా పుస్తకం పేరు సొలారిస్, 'అంతరిక్షంలో ప్రేమ' కాదని చురక అంటించాడు. లెమ్ కోపం నూటికి నూరుపాళ్లు న్యాయం. తార్కోవ్‌స్కీ సినిమా గొప్పదనడం కూడా అంతే నిజం. ఈ రెంటికీ రాజీ కుదర్చాలని నేను చూడను. లెమ్ ప్రశ్నను తీసేసినవాడు అంతే బరువున్న తన ప్రశ్నను తెచ్చి అక్కడ పెట్టాడు, చాలామంది తీసేసి ఊరుకుంటారు.

ఊరుకుంటే ఎలా ఉంటుందో ఉర్సులా కె. లె గ్విన్‌కు బాగా తెలుసు. 1968లో మొదలైన 'ఎర్త్‌సీ' నవలల్లో మాంత్రికుడు గెడ్‌ది ఎర్రమట్టి లాంటి చామనచాయ, ఆ దీవుల్లో ఎక్కువమంది ముదురు చాయవాళ్లే, తెల్లగా ఉండేది దాడికొచ్చే కార్గ్ జాతి. ఫాంటసీ హీరో అంటే తెల్లవాడేనన్న అలవాటును కావాలనే పక్కన పెట్టిందామె. 2004 టీవీ సిరీస్ గెడ్‌ను తెల్ల కుర్రాడిగా చూపించేసింది, ఆవిడ దాని మీద ఘాటుగానే రాసింది. రంగు మార్చడం పైపైన చేసిన మార్పేమీ కాదు, పునాదిలో పెట్టిన రాయినే పీకేశారు. రెండేళ్లకు జపాన్ యానిమేషన్ సంస్థ స్టూడియో జిబ్లిలో గోరో మియజాకి తీసిన సినిమా విషయంలో మాత్రం కాస్త మెత్తబడింది. నచ్చిందా అని అతనడిగితే, అది నా పుస్తకం కాదు, నీ సినిమా, మంచి సినిమా అంది. తర్వాత తీరిగ్గా అసంతృప్తులన్నీ రాసింది. చెడునంతా ఒక విలన్ నెత్తిన పెట్టి వాణ్ని చంపితే సరిపోతుందా అన్నది వాటిలో ముఖ్యమైనది. మొదటి నవలలో గెడ్ వెంటపడే నీడకు ఉన్న పేరు గెడ్ అనే. తనలోని చీకటిని చంపేస్తే మిగిలేది ఎవరు?

కొన్ని పుస్తకాలు ఎంత మంచి దర్శకుడికైనా లొంగవు, వాటి ప్రశ్న అక్షరాల్లోనే ఉంటుంది కాబట్టి. డేనియల్ కీస్ 'ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నాన్'లో చార్లీ రాసుకునే నివేదికలు తప్పుల తడకగా మొదలై, తెలివితేటలు పెంచే ఆపరేషన్ తర్వాత మెరుగై, చివర్లో మళ్లీ ఆ తప్పులే ఒక్కొక్కటిగా తిరిగొస్తాయి. ఆ స్పెల్లింగులు చూస్తూ కుమిలిపోవడం చదివేవాడికే సాధ్యం. దాన్ని సినిమాగా తీసిన 1968 నాటి 'చార్లీ'లో నటించినందుకు క్లిఫ్ రాబర్ట్‌సన్‌కు ఆస్కార్ వచ్చింది, నటన బాగుంటుంది కూడా, కానీ ఆ పేజీ చేసే పని ఏ ముఖమూ చేయలేదు. అక్షరాలే లేని లోకాన్ని చూపించాల్సొచ్చినప్పుడు ఫ్రెంచ్ దర్శకుడు త్రుఫో మాత్రం భలే ఉపాయం పట్టాడు. బ్రాడ్‌బరీ 'ఫారెన్‌హీట్ 451'ను 1966లో తీస్తూ టైటిల్స్ తెరమీద వేయలేదు, గొంతుతో చదివించాడు, వెనకాల ఇళ్ల కప్పుల మీద టీవీ యాంటెనాలు. పుస్తకాలు తగలబెట్టే దేశంలో సినిమా పేర్లు మాత్రం ఎలా రాస్తారు! నవలలో మధ్యలోనే మాయమైపోయే క్లారిస్ అనే అమ్మాయిని అతను చివరిదాకా బతికించాడు, బ్రాడ్‌బరీకి అది ఎంత నచ్చిందంటే తర్వాత సొంతంగా నాటకం రాసుకున్నప్పుడు తనూ అలాగే చేశాడు.

ఏది ముందు, పుస్తకమా సినిమానా అంటే అన్నిటికీ ఒకే మందు లేదు. 'అరైవల్' ముందు చూసేయండి, ఆ సినిమా ఇచ్చే షాక్ ఒక్కసారే పనిచేస్తుంది, కథేమో మొదటి పేజీల్లోనే గుట్టు విప్పేస్తుంది. 'సొలారిస్' మాత్రం ముందు చదవాలి, లేకపోతే భార్య ఎప్పుడొస్తుందా అని చూస్తూ సముద్రం గురించిన పేజీలన్నీ తిప్పేస్తారు, ఆ పేజీలే అసలు పుస్తకం. డిక్‌ను ఎటునుంచి మొదలుపెట్టినా నష్టం లేదు. అసిమోవ్ దగ్గర సినిమాతో పనే లేదు, ఆ చివరి కథ ఒక్కటి చదివినా చాలు.