తెరచాప కొయ్యగారికి ఒక విన్నపం

మహారాజశ్రీ తెరచాప కొయ్యగారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తుఫానులో జోసెఫ్ వెర్నే తనను మీకు తాళ్లతో కట్టించుకుని అలల్ని కళ్లారా చూశాడనీ, అందుకే ఫ్రాన్సులో అంతటి సముద్ర చిత్రకారుడయ్యాడనీ లోకం ఇప్పటికీ చెప్పుకుంటోంది. అంటే ఘనతంతా తమదే. పాపం, కుంచె పట్టినవాడిది ఏముంది?

సాక్ష్యం కావాలంటే ఆయన మనవడు ఒరాస్ వెర్నే, తాతగారు మీకు కట్టించుకుని తుఫాను చూస్తున్నట్టు 1822లో వేసిన బొమ్మ చూపిస్తారు. తాతగారు పోయింది 1789 డిసెంబరులో. మనవడు పుట్టింది అదే ఏడు జూన్ చివర్లో. ఐదు నెలల పసివాడికి తాత ఒళ్లో కూచోబెట్టుకుని ఈ కథ చెప్పి ఉంటాడు, మనం కాదనడం దేనికి!

ఇక మీతో చుట్టరికం లేని సంగతులు వినండి. అవిన్యోన్‌లో 1714లో పుట్టిన ఈయన 1734లో రోము వెళ్లి, దగ్గర దగ్గర ఇరవయ్యేళ్లు అక్కడే ఉన్నాడు. ఆర్డర్లు పుస్తకంలో రాసుకునేవాడు: ఫలానా దొరకు ఒక వెన్నెల రేవు, ఫలానావారికి ఒక ప్రశాంత సముద్రం, దానికి జోడీగా ఒక తుఫాను. తుఫాన్లు కొలత ప్రకారం తయారయ్యేవండీ, తాడు అవసరం పడలేదు.

1753లో పదిహేనో లూయీ సర్కారు ఫ్రాన్సు రేవులన్నీ గీయమని పని అప్పగించింది. మొత్తం ఇరవై నాలుగు అనుకున్నారు, బొమ్మకు 6,000 లీవ్రులు (అప్పటి ఫ్రెంచి డబ్బు). పైన అజమాయిషీకి రాజుగారి ప్రియురాలు పాంపదూర్ తమ్ముడు మారిన్యీ. మార్సెయ్, తూలోన్, బోర్దో, లా రోషెల్... ఇల్లూ పిల్లలతో ఊరూరా మకాం మార్చడమే. ఏ రేవు వృత్తి ఆ రేవులో కనబడాలి. బాందోల్ బొమ్మ నాకు మహా ఇష్టం: వల చుట్టూ పడవలు మూగి జాలర్లు ట్యూనా చేపల్ని లాగుతుంటే, ముస్తాబైన దొరసానులు పడవెక్కి ఆ వేటను తిరునాళ్లలా చూస్తుంటారు. ఎవడి రక్తం, ఎవరి వినోదం! మీరు అందులో లేరని మాత్రం నేననను, రేవన్నాక కొయ్యలకు కొదవా?

ఇంతలో ఏడేళ్ల యుద్ధం (1756–63లో ఫ్రాన్సు ఇంగ్లండు తదితరులతో చేసినది) వచ్చి ఖజానా ఖాళీ అయింది, బిల్లులు పెండింగులో పడ్డాయి. ఆయన ఎదుర్కొన్న అసలు తుఫాను అదేనని నా అనుమానం. 1765లో దియెప్ రేవుతో పదిహేను పూర్తయ్యాయి, తక్కిన తొమ్మిదికీ నీళ్లొదిలారు. ఆ పదేళ్ల తిరుగుడు మీద ఏ మనవడూ పెద్ద బొమ్మ వేయలేదు. బిల్లు కోసం ఎదురుచూసే మనిషి బొమ్మలో అంత బాగుండడు కదా.

తర్వాత ఇంగ్లండులో టర్నర్ అనే చిత్రకారుడు కూడా మీకే కట్టించుకున్నానన్నాడు. మీ వ్యాపారం బాగానే సాగింది.

జవాబులో ఒక్కటి తేల్చండి. తెరచాపలు దించడానికే చేతులు చాలని ఆ గాలివానలో, ఒక చిత్రకారుణ్ణి తీరిగ్గా కొయ్యకు కట్టే ఖాళీ ఏ నావికుడికి దొరికింది?

ఇట్లు,
ఒడ్డున నిలబడినవాడు