1944లో ఆ ఫోటోలు పాతవి కావు మహాశయా

ముందే చెప్పేస్తున్నా, ఇది పొడుగు పోస్ట్, కాస్త కడుపుమంట కూడా కలిసి ఉంది. నిన్న రాత్రి ఒకాయన ఫోటో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ సైనికుల వేషాల్లో ఎనిమిది మంది రీఎనాక్టర్లు (పాత యుద్ధ దృశ్యాలని వేషాలేసి మళ్లీ ఆడేవాళ్లు), మంచు, పొగ, వెనకాల జీపు. ఫిల్ము మీదే తీశారట, అందుకు ఆయనకో దండం. కానీ స్కాన్ చేశాక దానికి గోధుమరంగు పులిమి, నిలువునా నాలుగు గీతలు గీకి, మూలలు మసి చేసి, ఒక పక్క నీళ్ల మరక లాంటిది కూడా తగిలించి "అచ్చం 1944" అని రాసుకున్నారు. కింద వందల మంది "అబ్బ, ఎంత రియల్‌గా ఉందో" అంటూ క్యూ కట్టారు. నాకు నిద్ర పట్టలేదు.

అయ్యా, 1944లో ఆ ఫోటోలు పాతవి కావు. ఆ రోజు పొద్దున తీసినవి. ప్రింటు మీద తడి కూడా సరిగ్గా ఆరకముందే సెన్సారు బల్ల మీదికి వెళ్లినవి. పత్రికకి వెళ్లే ప్రింటు నిగనిగలాడుతూ, తెలుపు తెలుపుగా నలుపు నలుపుగా ఉండేది, ఎందుకంటే అది చుక్కల బ్లాకుగా మారి అచ్చుకెళ్లాలి. సెపియా, అంటే ఆ గోధుమరంగు, ప్రింటులోని వెండిని వెండి సల్ఫైడ్‌గా మార్చే వేరే పని, స్టూడియోలో కూర్చోబెట్టి తీసే పోర్ట్రెయిట్లకి చేసేవాళ్లు. యుద్ధం మధ్యలో ఎవడికుంది అంత తీరిక? మనం ఎనభై ఏళ్ల దుమ్మునీ, తేమనీ, పాడైన కాగితాన్నీ చూసి అదే ఆ కాలం అనుకుంటున్నాం. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, ఆ వాతలన్నీ మన కొత్త నెగెటివ్‌కి పెట్టేస్తున్నాం.

జపాన్ దీవి ఇవో జిమాలో అమెరికన్ సైనికులు జెండా ఎత్తే ఫోటో అందరూ చూసే ఉంటారు. 1945 ఫిబ్రవరి 23న జో రోసెంథాల్ తీశాడు. చేతిలో ఉన్నది స్పీడ్ గ్రాఫిక్ అనే పెద్ద ప్రెస్ కెమెరా, అంటే ఒక్కో నెగెటివూ నాలుగంగుళాలు బై అయిదంగుళాలు. మనం వాడే మామూలు రోలు ఫిల్ము, అంటే 35 ఎంఎం, ఫ్రేముతో పోలిస్తే వైశాల్యం పన్నెండు రెట్లకు పైనే. షట్టర్ సెకనులో నాలుగు వందలో వంతు, అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎనిమిదికీ పదకొండుకీ మధ్య (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది). మంచి ప్రింటు దొరికితే చూడండి, బట్టల ముడతలు లెక్కపెట్టొచ్చు. అందులో గీతలెక్కడ, మసి మూలలెక్కడ? ఇంకో సంగతి, ఇప్పటి మన వాళ్లకి చాలా ఇష్టమైన వెనకంతా వెన్నలా కరిగిపోయే బ్లర్ కూడా అందులో లేదు. వార్తకి ఫోటో తీసేవాడికి వెనక ఏముందో కూడా కనిపించాలి, పైగా ఫోకస్ తప్పితే రెండో చాన్స్ లేదు. అందుకే అపర్చర్ చిన్నగా పెట్టుకుని తీసేవాడు.

"మరి కాపా?" అని అడుగుతారు, తెలుసు. యుద్ధ ఫోటోగ్రాఫర్ రాబర్ట్ కాపా 1944 జూన్ 6న మిత్రసేనలు ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగుతుండగా అక్కడి ఒమాహా బీచ్‌లో తీసినవాటిలో మిగిలినవి 11 ఫ్రేములు. వణికిపోయి ఉంటాయి, మసకగా ఉంటాయి. మిగతావి డార్క్‌రూమ్‌లో పాడైపోయాయన్న కథ మీద ఇప్పటికీ తగువు నడుస్తోంది, అది వేరే సంగతి. కానీ ఆ 11 ఫ్రేముల వణుకు చూసి యుద్ధం ఫోటో అంటేనే వణకాలని ఒక తరం మొత్తం తీర్మానించేసుకుంది. నీళ్లలో తూటాల మధ్య పడుకుని తీసినవాడి చెయ్యి వణికింది. నీ చెయ్యి ఎందుకు వణుకుతోంది? పక్కన థర్మోస్ ఉంది, కారు పార్కింగ్‌లో ఉంది.

సరే, రంగు. రంగు ఫోటో అయితే వెలిసిపోయి ఉండాలని ఇంకో నమ్మకం. కొడాక్రోమ్ అనే కొడాక్ రంగు ఫిల్ము 35 ఎంఎం స్లైడుగా 1936లోనే వచ్చింది. చీకట్లో జాగ్రత్తగా దాస్తే ఆ రంగులు అంత తేలిగ్గా పోవు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 1939 నుంచి 1944 దాకా అమెరికా ప్రభుత్వ ఫోటోగ్రాఫర్లు తీసిన రంగు ఫోటోలు దాదాపు 1,600 ఉన్నాయి. విమానాల ఫ్యాక్టరీలో తలకి ఎర్ర గుడ్డ కట్టుకుని పనిచేస్తున్న అమ్మాయిని చూస్తే నిన్న తీసినట్టుంటుంది. 1970ల నాటి ఫ్యామిలీ ఆల్బమ్ దాని ముందు ముసలిదైపోయినట్టు కనిపిస్తుంది! కొడాక్రోమ్ తయారీ 2009లో ఆగిపోయింది, మరుసటి ఏడు డిసెంబరు ఆఖర్న దాన్ని కడిగే చివరి ల్యాబ్ కూడా ఫిల్ము రోల్స్ తీసుకోవడం మానేసింది. ఇక ఆ రంగు మనకి అచ్చంగా రాదు. రాదు కదా అని ఆకుపచ్చ ఫిల్టరేసి "వింటేజ్" అంటే ఎట్లా?

గ్రెయిన్, అంటే ఫిల్ము ఫోటోలో కనిపించే గరుకు చుక్కల, భక్తులకి కూడా ఒక ముక్క. "యుద్ధం లుక్ కావాలంటే ట్రై-ఎక్స్ వాడు" అని ఆ నలుపు-తెలుపు ఫిల్ము గురించి సలహా ఇస్తుంటారు. పెద్ద కెమెరాల్లో ఒక్కొక్కటిగా పెట్టే షీటు ఫిల్ముగా అది 1940లో వచ్చిన మాట నిజమే, కానీ మీరు వాడే 35 ఎంఎం ట్రై-ఎక్స్ 1954లో వచ్చింది. సినిమా వాళ్ల డబుల్-ఎక్స్ అయితే 1959. అవి మంచి ఫిల్ములే, నేనూ వాడతాను, కాకపోతే ఆ గ్రెయిన్‌కి యుద్ధంతో సంబంధం లేదు.

ఇంత మాట్లాడుతున్న నేనేం పీకానంటారా? చెప్తాను. నా మొదటి షూట్ ఘోరం. ఒక రీఎనాక్టర్ గుంపు వాళ్లని బతిమాలి, యుద్ధానికి ముందు నాటి రేంజ్‌ఫైండర్ కెమెరా ఒకటి అరువు తెచ్చుకుని, కోటింగ్ లేని లెన్స్, లైట్ మీటర్ లేదు, పసుపు ఫిల్టర్ తగిలించి, అన్నీ ఆ కాలానివే అని ఛాతీ విరుచుకుని వెళ్లాను. ఇల్లు అలకగానే పండగ అయిపోయిందనుకున్నా. 36 ఫ్రేములు తీశాను. కడిగి చూస్తే 35 పెళ్లి ఫోటోలు. అందరూ వరసగా నిలబడ్డారు, అందరూ పొట్ట లోపలికి లాగారు, అందరి తుపాకీ ఒకే ఎత్తులో ఉంది, అందరి ముఖంలో "చూడు నేనెంత సీరియస్‌గా ఉన్నానో" అన్న భావం. బూట్లకి పాలిష్! బురదలో నిలబడి పాలిష్ బూట్లు.

ఆ రోలులో పనికొచ్చింది ఒకే ఒక్క ఫ్రేము. అది నేను తీద్దామని తీసింది కాదు, రోలు చివర ఒకటి మిగిలిపోయిందని నొక్కేశాను. విరామంలో ఒకతను గోడకి జారగిలబడి, ఒక బూటు విప్పి, మేజోడు పిండుకుంటూ ఎటో చూస్తున్నాడు. హెల్మెట్ నేల మీద బోర్లా పడి ఉంది. అతను నన్ను మర్చిపోయాడు. అప్పుడు తెలిసొచ్చింది నాకు, కాలం అనేది కెమెరాలో లేదు, మనిషి కూర్చునే తీరులో ఉంది. సైనికుడి రోజులో ఎక్కువ భాగం ఎదురుచూడటం, నడవటం, తవ్వటం, ఆరబెట్టుకోవటం. కాల్పులు అందులో చిన్న ముక్క. రీఎనాక్టర్లేమో సెలవు పెట్టుకుని, డబ్బు పోసి ఆ చిన్న ముక్క కోసమే వస్తారు, పాపం వాళ్ల తప్పు కూడా కాదు.

అప్పట్నుంచి మొదటి రెండు గంటలు నేను కెమెరా తియ్యను. బరువులు మోయిస్తాను. నిజంగా గుంట తవ్విస్తాను. తిట్టుకుంటారు, తిట్టుకోనీ, ఆ చిరాకే నాకు కావాల్సింది. తర్వాత అపర్చర్ ఎనిమిది, ఫోకస్ అయిదు మీటర్ల దగ్గర పెట్టి వదిలేస్తాను. 50 ఎంఎం లెన్స్‌తో అట్లా పెడితే మూడున్నర మీటర్ల నుంచి తొమ్మిదిన్నర మీటర్ల దాకా అంతా పనికొచ్చేంత స్పష్టంగా వస్తుంది, ఇక కన్ను పెట్టి తిప్పుకుంటూ కూర్చోనక్కర్లేదు. జూమ్ లెన్స్ తేను. నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఆ చోట నిజంగా తూటాలు వస్తుంటే నేను నిలబడగలిగే చోటి నుంచే తీయాలి. దాడి చేస్తున్న వాళ్లకి ఎదురుగా, శత్రువు తుపాకులకి వీపు పెట్టి నిలబడి ఎవడూ తియ్యడు కదా! మనం చూసే నకిలీ ఫోటోల్లో సగం అట్లాంటివే. అసలువాటిలో వీపులు ఎక్కువ కనిపిస్తాయి, పక్క నుంచి తీసినవి ఎక్కువ, నేలకి దగ్గరగా తీసినవి ఎక్కువ.

ఇంకోటి, గుంపు. ఫ్రేములో పట్టాలని పన్నెండు మందిని ఒకే దగ్గర కుక్కుతారు. అట్లా నడిస్తే ఒక్క మోర్టారు గుండుకి అందరూ పోతారని శిక్షణలోనే చెప్పేవాళ్లు. దూరం దూరంగా నడిచేవాళ్లు, అందుకే నిజం ఫోటోల్లో చాలాసార్లు ఇద్దరే ఉంటారు, మిగతాదంతా ఖాళీ పొలం. ఆ ఖాళీయే భయం. తుపాకీ మూతి దగ్గర మంట కూడా అంతే, అది కంటి రెప్పపాటు కంటే తక్కువసేపు ఉంటుంది, పగటిపూట ఫోటోలో దాదాపు దొరకదు. తర్వాత కంప్యూటర్‌లో నారింజ మంటలు అంటించిన ఫోటో కనిపిస్తే నేను అక్కడే ఆగిపోతాను. అన్నట్టు బ్లాంక్ తూటా (గుండు లేకుండా మందు మాత్రమే ఉన్నది) అంటే బొమ్మ తూటా కాదు, దగ్గర నుంచి అది మనిషిని గాయపరుస్తుంది, చంపగలదు కూడా. లెన్స్‌కి గురిపెట్టి కాల్చమని అడిగే ఫోటోగ్రాఫర్లున్నారు. వాళ్లతో పనిచెయ్యకండి, అంతే.

వేషంలో దారాలు లెక్కపెట్టే బ్యాచ్ గురించి చెప్పకపోతే పాపం. మా వాళ్లలో ఒకతను ఉన్నాడు, హెల్మెట్ అంచు అతుకు ముందుందా వెనకుందా అని చూస్తాడు. నవ్వకండి, అతను చెప్పేది కరెక్టే. అమెరికా ఎం1 హెల్మెట్‌కి అతుకు మొదట్లో ముందు వైపు ఉండేది, 1944 ఆఖర్లో వెనక్కి మార్చారు. కాబట్టి వెనక అతుకున్న హెల్మెట్ పెట్టుకుని నార్మండీలో దిగితే తప్పే. కానీ అదే మనిషి ఒకసారి ఆకాశంలో విమానం వదిలిన తెల్ల చార చూసి "ఫ్రేము పోయింది" అని గోల చేశాడు. 1940లో బ్రిటన్ మీద గాలి యుద్ధం నడిచినప్పుడు ఆకాశమంతా ఆ చారలే! అతుకు చూసే కళ్లకి ముఖం కనపడదు. అమెరికన్ సైనికుడి సగటు వయసు 26, బరువు 65 కిలోలు అటూ ఇటూ. మా గుంపులో 26 ఏళ్ల వాడు ఒక్కడే, వాడి బరువు సంగతి వద్దులెండి.

ఎప్పుడు చూసినా నార్మండీయేనా అన్నది కూడా నా ఏడుపు. 25 లక్షల మంది భారతీయ సైనికులు ఆ యుద్ధంలో ఉన్నారు. మన ఈశాన్యంలో కోహిమా, ఇటలీలో కసీనో సరే, ఫ్రాన్స్‌లోని డంకర్క్‌లో కంచరగాడిదల దళాలతో ఉన్నవాళ్లు కూడా మనవాళ్లే. ఆ దృశ్యాలు కట్టేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. నల్ల యూనిఫాంలో ఎస్‌ఎస్ అనే నాజీ దళం ఆఫీసర్‌గా దిగడానికి మాత్రం పోటీ. జర్మనీలో ఆ నాజీ గుర్తులు బహిరంగంగా చూపించడం శిక్షాస్మృతి 86ఎ కింద నేరం, కళకీ బోధనకీ పరిశోధనకీ మినహాయింపులున్నాయి. కథలో అవసరమై ఆ వేషం వేస్తే నాకు పేచీ లేదు. కింది నుంచి కోణం పెట్టి హీరోలా తియ్యమన్నప్పుడు నేను కెమెరా మూసేశాను, ఒక స్నేహం కూడా పోయింది. పోతే పోయింది.

శవాల జోలికీ వెళ్లను. న్యూ గినీలో బూనా బీచ్ మీద ముగ్గురు అమెరికన్ల శవాలు ఇసుకలో పడి ఉన్న జార్జ్ స్ట్రాక్ ఫోటో తీసిన చాలా మాసాలకి గానీ అచ్చు కాలేదు, 1943 సెప్టెంబరు 20న లైఫ్ పత్రికలో వచ్చింది. చూపించాలా వద్దా అని అంత తర్జనభర్జన పడ్డారు. మనమేమో ఎర్ర రంగు పూసి, నవ్వాపుకోలేకపోతున్నవాణ్ణి పడుకోబెట్టి క్లిక్కుమనిపిస్తాం.

"మరి నువ్వు తీసేవి కూడా నాటకమే కదా" అని కామెంట్లో రాయబోతున్నవాళ్లు కాస్త ఆగండి. నాటకమే. నాటకం తప్పని నేనెప్పుడన్నాను? బెర్లిన్‌లో పార్లమెంటు భవనం రైఖ్‌స్టాగ్ మీద ఎర్రజెండా ఫోటో, 1945 మే 2న సోవియట్ ఫోటోగ్రాఫర్ యెవ్గెనీ ఖల్దేయ్ తీసినది, జెండా ఎగరేసిన క్షణం కాదు, కట్టిన దృశ్యం. జెండా కూడా ఎర్ర టేబుల్ గుడ్డలతో కుట్టించి ఆయనే పట్టుకెళ్లాడు. తర్వాత పొగ చేర్చారు, ఒక సైనికుడి రెండో చేతికున్న గడియారం చెరిపేశారు, దోచుకున్నదని అనుకుంటారేమోనని. అయినా అక్కడున్న నగరం నిజం, ఆ మనుషులు నిజం.

అసలు తప్పు ఎక్కడంటే చెప్పకపోవడంలో. 1933లో ఒక పుస్తకం వచ్చింది, మొదటి ప్రపంచ యుద్ధంలో గాల్లో విమానాలు కొట్టుకుంటున్న అద్భుతమైన ఫోటోలతో, ఒక పైలట్ దొంగచాటుగా కెమెరా బిగించి తీశాడని. జనం నోరెళ్లబెట్టారు. అవన్నీ వెస్లీ ఆర్చర్ అనే ఆయన తయారుచేసిన బొమ్మ విమానాలు! అనుమానాలు మొదట్నుంచీ ఉన్నా, ఆయన కాగితాలు స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరి 1984లో గుట్టు రట్టయ్యేదాకా యాభై ఏళ్లు ఆ బొమ్మలు నిజంగా చెలామణి అయ్యాయి. అప్పుడు ఇంటర్నెట్ లేదు. ఇప్పుడు మీరు పెట్టిన గోధుమరంగు ఫోటో రేపు ఎవడి ప్రాజెక్టులోనో, ఏ అమరవీరుల దినం పోస్టర్ మీదో తేలుతుంది, మీకు తెలిసే లోపే. నా స్కాన్ల అంచు మీద తీసిన తేదీ, రీఎనాక్టర్లతో తీసినదన్న మాట పెద్ద అక్షరాలతో ఉంటాయి. అందం చెడుతోందని చాలామంది అన్నారు. చెడనీండి.

వచ్చే నెల మళ్లీ షూట్ ఉంది. హెల్మెట్ అతుకు మనిషి వస్తున్నాడు. మా గుంపులో అందరికంటే పెద్దాయన, బొజ్జ ఉన్నాయన, ఇన్నాళ్లూ పారాట్రూపర్ తప్ప ఇంకోటి వెయ్యనని భీష్మించుకు కూర్చున్నారు. పోయిన వారం ఫోన్ చేసి, సైన్యంలో వంటవాళ్లు కూడా ఉండేవాళ్లు కదండీ, నేను ఆ వేషం వేస్తాను అన్నారు. కాకపోతే గరిటె మాత్రం 1943 నాటిదే కావాలట, అది దొరికేదాకా ఫోన్లు ఆపేట్టు లేరు.