న్యూస్ అంటే నాలుగు దిక్కులా?

"నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్. నాలుగు దిక్కుల నుంచీ వచ్చేది కాబట్టి వాటి మొదటి అక్షరాలు కలిపి న్యూస్ అన్నారు." వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న ముక్క ఇది. తప్పు.

న్యూ అంటే కొత్త. దానికి బహువచనపు ఎస్ తగిలిస్తే 'కొత్తవి'. ఫ్రెంచివాళ్లు 'నూవెల్' అని బహువచనంలో వాడే తీరు చూసి ఇంగ్లీషువాళ్లు అల్లుకున్న మాట. 14వ శతాబ్దం చివర 'కొత్త విషయాలు' అన్న అర్థంలో ఉండేది, 15వ శతాబ్దానికి 'కబురు' అయింది.

స్పెల్లింగ్ చూస్తే గుట్టు తేలిపోతుంది. 1622లో లండన్‌లో అచ్చయిన వార్తాపత్రాల మీద ఉన్నది ఎన్-ఇ-డబ్ల్యు-ఇ-ఎస్. ఆ రెండో 'ఇ' ఏ దిక్కు? తూర్పు రెండుసార్లా? పోనీ దిక్కుల వరస చూద్దామన్నా, ఉత్తరం నుంచి చుట్టూ తిరిగితే తూర్పు తర్వాత దక్షిణం రావాలి, పడమర కాదు.

"బహువచనమైతే 'న్యూస్ ఈజ్' అంటారెందుకు?" ఇది అడగాల్సిన ప్రశ్నే. మొదట్లో బహువచనంగానే వాడారు; షేక్‌స్పియర్ నాటకాల్లో 'దీజ్ న్యూస్' కనిపిస్తుంది. తర్వాత ఏకవచనంగా స్థిరపడింది. మనమూ 'వార్తలు వచ్చాయి' అంటూనే 'న్యూస్ వచ్చింది' అంటాం. పలకడంలో మాత్రం బహువచనపు జాడ పోలేదు: ఇంగ్లీషువాళ్ల నోట అది 'న్యూజ్', డేస్‌ను 'డేజ్' అన్నట్టే. మనం 'స్' అని పలుకుతాం కాబట్టి చెవికి ఆనదు.

ఒకటి ఒప్పుకోవాలి. దిక్కుల ముడి వాట్సాప్ పుట్టించింది కాదు, 1640 నాటి ఇంగ్లీషు చమత్కార పద్యంలోనే ఉంది. కానీ అప్పటికి మాట పుట్టి రెండు వందల ఏళ్లు దాటింది. అది శ్లేష, వ్యుత్పత్తి కాదు.

న్యూస్ అంటే 'నోటబుల్ ఈవెంట్స్, వెదర్, స్పోర్ట్స్' అనే రకానికి జవాబు కూడా దండగ.

ఇలాంటి 'ఫుల్ ఫామ్' ఏది వచ్చినా మూడు చూడండి: మాట మొదట రాతలో దొరికిన కాలం, అప్పటి స్పెల్లింగ్, మొదట్లో పొడి అక్షరాలుగా రాశారా లేదా. పొడి అక్షరాలు కూర్చి మామూలు మాటలా పలకడం ఎక్కువగా 20వ శతాబ్దపు అలవాటు. అలా పుట్టిన రాడార్ (రేడియో డిటెక్షన్ అండ్ రేంజింగ్) 1940 నాటిది. 'టిప్ అంటే టు ఇన్ష్యూర్ ప్రాంప్ట్‌నెస్' అన్న ఫార్వర్డ్ మొదటి పరీక్షలోనే తప్పుతుంది: 'చేతికివ్వడం' అనే అర్థంలో ఆ మాట 17వ శతాబ్దం మొదట్లోనే ఇంగ్లండు దొంగల రహస్య భాషలో ఉంది.