రాయలసీమకు సొంత ఐటీ సంస్థ కావాలి, అదీ అనంతపురంలో

ఎన్నికలు వచ్చినప్పుడల్లా అనంతపురానికి ఐటీ పార్కు తెస్తామని ఎవరో ఒకరు చెబుతారు, మనం చప్పట్లు కొడతాం. నేను పార్కు అడగడం లేదు. మన భూమి, మన కూలి, మన రేషను అన్నీ ఇప్పుడు ప్రభుత్వ కంప్యూటర్లలోనే ఉన్నాయి. అవి తప్పు చూపించినప్పుడు సరిదిద్దే అధికారం, చేతనైన ఇంజనీర్లు ఈ జిల్లాలోనే ఉండాలి. అందుకే రాయలసీమ జిల్లాల కోసం చట్టంతో ఏర్పడిన ప్రభుత్వ ఐటీ సంస్థ కావాలంటున్నాను.

మా పెదనాన్న పొలం కళ్యాణదుర్గం దగ్గర. దస్తావేజులో, పాత పాసుపుస్తకంలో విస్తీర్ణం సరిగ్గానే ఉంది. ఆన్‌లైన్ అడంగల్‌లో (ఊరి భూములు, పంటల రికార్డు) మాత్రం ఎకరానికి పైగా తగ్గిపోయింది. బ్యాంకువాళ్ళు పంట రుణానికి ఆన్‌లైన్ 1బీ (భూమి హక్కుల రికార్డు) తప్ప మరేదీ చూడలేదు. సచివాలయంలో అర్జీ తీసుకుని రసీదు ఇచ్చారు. పై కార్యాలయానికి వెళితే, ‘మా లాగిన్‌లో ఆ ఆప్షన్ లేదు’ అన్నారు. మరి ఎవరి లాగిన్‌లో ఉందో చెప్పగలిగే మనిషి ఎక్కడా దొరకలేదు. ఆ ఉద్యోగుల మీద నాకు కోపం లేదు, వాళ్ళూ మాలాగే నిస్సహాయులు. ఈలోగా వేరుశనగ విత్తే అదను వచ్చేసింది. పెదనాన్న వడ్డీకి అప్పు తెచ్చి విత్తనం కొన్నాడు. కంప్యూటర్‌లో పడిన ఒక తప్పు అంకెకు వడ్డీ కట్టింది రైతు.

ఇది మా ఇంటి కథ మాత్రమే అయితే ఇంత పొడవు రాసేవాడిని కాదు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే తర్వాత పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. చాలా ఊళ్ళలో ఇద్దరు ముగ్గురు రైతుల భూమిని కలిపి ఒకే నంబరు కింద వేశారు. జాయింట్ ఎల్‌పీఎంలో ఇరుక్కున్నవాళ్ళను అడగండి, తమ వాటా అమ్మాలన్నా, అప్పు కోసం చూపించాలన్నా ఎంత ఇబ్బందో చెబుతారు. డ్రోన్లతో కొలిచే యంత్రాంగం వచ్చింది కానీ, కొలత తప్పితే దిద్దే యంత్రాంగం దానితోపాటు రాలేదు.

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదట ప్రారంభించింది మన నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకంలోనే 2023 జనవరి నుంచి పని జరిగే చోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో హాజరు వేయడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ అందని గుట్ట దగ్గర కందకం తవ్వే మనిషికి, ఫొటో ఎక్కకపోతే కూలి పడుతుందో లేదోనన్న భయం. నిర్ణయం ఢిల్లీలో జరిగింది. అమల్లోకి తెచ్చే ముందు ఒక్క నెల మన మెట్టల్లో, మన ఫోన్లతో పరీక్షించి, ‘ఇది ఇక్కడ నడవదు, ఇలా మార్చండి’ అని రాతపూర్వకంగా చెప్పగలిగే సంస్థ మనకు ఉంటే ఎంత తేడా ఉండేది!

ఇప్పటికే సంస్థలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ టెక్నాలజీ సంస్థ ఏపీటీఎస్ 1985 నుంచి ఉంది, ఇంటర్నెట్ ఇచ్చే ఫైబర్‌నెట్ ఉంది, రియల్ టైమ్ గవర్నెన్స్ చూసే ఆర్‌టీజీఎస్ ఉంది, కలెక్టరేట్‌లో కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ కార్యాలయమూ ఉంది. 2011లో మీసేవ వచ్చింది, 2019 అక్టోబరులో సచివాలయాలు వచ్చాయి, 2025 జనవరిలో వాట్సాప్ సేవలు వచ్చాయి. అర్జీ తీసుకునే చోట్లు పెరుగుతూనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌ను తెరిచి సరిచేసే అధికారం మాత్రం జిల్లా దాటి ఎక్కడో ఉంది. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇంకొకటి. సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లుగా చేరినవారిలో ఇంజనీరింగ్ చదివినవారు ఎందరో. వాళ్ళతో దరఖాస్తులు టైపు చేయిస్తున్నాం! వారిలో సమర్థులను ఎంపిక చేసి శిక్షణ ఇస్తే ఈ సంస్థకు సగం సిబ్బంది సిద్ధం. మిగతా సగానికి జేఎన్‌టీయూ ఇక్కడే ఉంది, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ, కర్నూలులో ట్రిపుల్ ఐటీడీఎం ఉన్నాయి. ఆ పిల్లలంతా బెంగళూరు, హైదరాబాద్ బస్సులు ఎక్కుతున్నారు.

పొరుగువాళ్ళను చూడండి. కర్ణాటక 1976లో కియోనిక్స్, తమిళనాడు 1977లో ఎల్కాట్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థలు పెట్టుకున్నాయి. ఎల్కాట్ చెన్నైకే పరిమితం కాలేదు, మదురై, తిరునెల్వేలి, సేలం, హోసూరు దాకా వెళ్ళింది. కేరళ 2002లో జనానికి కంప్యూటర్ నేర్పే ‘అక్షయ’ పథకాన్ని తిరువనంతపురంలో మొదలుపెట్టలేదు, మలప్పురంలో మొదలుపెట్టింది. మన దగ్గర 2025లో విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇచ్చారు. ఇవ్వనివ్వండి, మన పిల్లలకూ ఉద్యోగాలు వస్తాయి. పెద్ద కంపెనీ కోసం అంత చొరవ చూపగలిగిన ప్రభుత్వం, సొంత రికార్డులు సరిగ్గా ఉంచడానికి ఒక కార్యాలయం పెట్టలేదా?

ఇంకో బోర్డు, ఇంకో ఛైర్మన్ పదవి అవుతుందన్న భయం నాకూ ఉంది. అందుకే ఈ సంస్థ కోసం మేం ఇస్తున్న అర్జీలో స్పష్టంగా రాశాం: రాజకీయ నియామకాలు వద్దు. ఇంజనీర్లు ఔట్‌సోర్సింగ్‌లో కాకుండా శాశ్వత ఉద్యోగులుగా ఉండాలి. సాఫ్ట్‌వేర్ లోపం వల్ల ఆగిన ప్రతి అర్జీకి గడువు, గడువు దాటితే కారణం తెలుగులో రాసి ఇవ్వాలి. ప్రతి రెవెన్యూ డివిజన్‌లో ఒక బృందం. కంపెనీతో చేయించిన సాఫ్ట్‌వేర్ అయినా దాని కోడ్, సమాచారం ప్రభుత్వం చేతిలోనే ఉండాలి, ఒప్పందం ముగిసిన రోజు మనం చేతులు కట్టుకుని నిలబడకూడదు.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ అర్జీ ఇస్తున్నాం. రాగలిగినవాళ్ళు ఆన్‌లైన్ తప్పుల వల్ల ఆగిపోయిన మీ అర్జీల రసీదులు, పాసుపుస్తకం నకలు తీసుకురండి, జత చేద్దాం. ధర్మవరం, కదిరి, హిందూపురం వాళ్ళు పుట్టపర్తిలో ఇవ్వాలి. కర్నూలు, కడప మిత్రులకు అర్జీ ప్రతి పంపిస్తాను, అడగండి.