సవరణ: బేయూ టాపెస్ట్రీ నేసింది కాదు, కుట్టింది

పోయిన వారం పోస్టులో ఫ్రాన్స్‌లోని బేయూ టాపెస్ట్రీ అనే పాతకాలపు బొమ్మల బట్ట ఫొటో పెట్టి, "ఇదీ మన ధర్మవరం పట్టుచీర మాదిరే జకార్డు మగ్గం మీద నేసిందే" అని రాశాను. అది తప్పు.

ధర్మవరంలో మగ్గం నేసే మా మామ ఆ ఫొటోను ఫోన్లో పెద్దది చేసి చూసి, "నేత యాడిది అల్లుడా? సూది పని గదా ఇది" అన్నాడు. మ్యూజియం వివరాలు చూస్తే అదే నిజం. 1066లో ఇంగ్లండును నార్మన్లు గెలిచిన కథను నారబట్ట మీద ఉన్ని దారాలతో కుట్టారు. పొడవు దాదాపు 70 మీటర్లు. 11వ శతాబ్దపు పని అది. చిల్లుల అట్టలతో డిజైను నడిపే జకార్డు వచ్చిందే 1800ల మొదట్లో. టాపెస్ట్రీ అంటే మామూలుగా బొమ్మలు నేసిన బట్ట. ఆ పేరు చూసి నేత అనుకోవడం నా పొరపాటే.

అసలు టాపెస్ట్రీ నేత వేరు. పారిస్‌లో గోబెలిన్స్ కార్ఖానాలో 1662 నుంచి నేస్తున్నది అదే. అందులో పేక, అంటే అడ్డం దారం, ఈ అంచు నుంచి ఆ అంచుకు పోదు. ఒక్కో రంగుకు దారం చుట్టిన కండె ఒక్కోటి. ఆ రంగున్న మేర వరకే పోయి వెనక్కి తిరుగుతుంది. పడుగు, అంటే నిలువు దారాలు, కనబడకుండా పేకను గట్టిగా దిగ్గొడతారు. రెండు రంగులు నిలువుగా కలిసే చోట సన్నని చీలిక మిగులుతుంది. దాన్ని తర్వాత కుడతారు, లేదా నేసేటప్పుడే పేకలను ఒకదానికొకటి మెలేస్తారు. మామ చెప్పినట్టు, మన దగ్గర దీనికి దగ్గరి చుట్టం జకార్డు కాదు, చీర అంచు పేకనూ నడిమి భాగం పేకనూ ఒకదానికొకటి మెలేసే కుప్పడం నేత.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.