ఓడే జట్టుకే టికెట్ చవక

(చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఓ వంటగది. శనివారం రాత్రి తొమ్మిది. స్టవ్ మీద పులిహోర పులుసు కుతకుతలాడుతోంది. శ్రీమతి గరిటె తిప్పుతోంది. ఒంటిమీద నల్ల వైట్ సాక్స్ టీషర్టు. శ్రీవారు ఇంట్లో కూడా నీలం కబ్స్ టోపీ తియ్యకుండా లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. కబ్స్, వైట్ సాక్స్ రెండూ చికాగో బేస్‌బాల్ జట్లే.)

శ్రీవారు: మీ తమ్ముడు సముద్రాలు దాటి చికాగో వస్తున్నాడు. మా కబ్స్ మైదానం రిగ్లీ ఫీల్డ్ చూపించకుండా 35వ వీధిలో మీ సాక్స్ మైదానంలో కూర్చోబెట్టి పంపితే బెజవాడ వెళ్లి ఏం చెప్పుకుంటాడు?

శ్రీమతి: అక్క డబ్బు తగలెయ్యలేదని చెప్పుకుంటాడు. వాడు, మరదలు, పిల్లలిద్దరు, మనిద్దరం. ఆరు టికెట్లు. రిగ్లీలో ఆరు కొన్నాక రైలు చార్జీ మిగలదు. పట్టాల వెంట నడిచి రావాలి.

శ్రీవారు: 1914లో కట్టిన మైదానం అది. గోడ మీద తీగ 1937లో పాకించారు. బంతి ఆ ఆకుల్లో ఇరుక్కుంటే ఫీల్డరు రెండు చేతులూ పైకెత్తుతాడు, కొట్టినవాడికి రెండు బేసులు, అంటే పరుగులో సగం దూరం, ఇచ్చేస్తారు. పొరపాటున ఆకుల్లో చెయ్యి పెట్టి వెతికాడో, ఆట నడుస్తున్నట్టే. వీడు వెతుకుతుంటే వాడు చుట్టూ పరిగెడుతూనే ఉంటాడు. ఇలాంటి చిత్రం ఇంకెక్కడైనా ఉందా?

శ్రీమతి: మన పెరట్లో ఉంది. దొండపాదులో కళ్లజోడు ఇరుక్కుంటే మీరూ అలాగే రెండు చేతులూ ఎత్తి నిలబడ్డారు. వెతికిచ్చింది నేను.

శ్రీవారు: ఆటలో ఉన్న చరిత్ర గురించి మాట్లాడుతుంటే దొండపాదు తెస్తావు.

శ్రీమతి: చరిత్ర కావాలా? 1906. మీ కబ్స్ ఎలుగుపిల్లలు 116 ఆటలు గెలిచి, మీసం మెలేసుకుంటూ ఏడాది ఆఖరి పోటీ వరల్డ్ సిరీస్‌కి వచ్చారు. ఎదురుగా మా వైట్ సాక్స్, తెల్ల మేజోళ్లు. బ్యాటింగ్ చేతకానివాళ్లని పేపర్లలో పేరు. ఏమైంది?

శ్రీవారు: (లాప్‌టాప్‌లోకి చూస్తూ) నెట్ స్లోగా ఉంది.

శ్రీమతి: నాలుగు రెండుతో మేం గెలిచాం. అది చరిత్ర.

శ్రీవారు: సరే, 1919 కూడా చెప్పు. డబ్బు తీసుకుని వరల్డ్ సిరీస్ ఓడిపోయారని ఎనిమిదిమందిని జీవితాంతం ఆటలోంచి గెంటేశారు. ఆ మేజోళ్లు ఎవరివి?

శ్రీమతి: అప్పుడు డబ్బు తీసుకుని ఓడారు. 2024లో ఒక్క పైసా తీసుకోకుండా 121 ఓడారు. ఎంత మారారో చూడండి.

శ్రీవారు: 162 ఆటల్లో 121! ఆధునిక కాలంలో ఏ జట్టూ అన్ని ఓడలేదు. 1962లో న్యూయార్క్ మెట్స్ 120 ఓడితే, ఆ రికార్డు అరవై రెండేళ్లు ఎవరూ ముట్టుకోలేదు. మీవాళ్లు ఒక దశలో వరసగా 21 ఓడారు. ఆ టీషర్టు వేసుకుని పటేల్ బ్రదర్స్ కొట్టుకి ఎలా వెళ్తావో నాకు తెలీదు.

శ్రీమతి: దర్జాగా వెళ్తాను. మీకు బేస్‌బాల్ తెలుసు గానీ బజారు తెలీదు. రైతు బజార్లో పొద్దున్న వంకాయలు ఏం ధర? సాయంత్రం ఏం ధర? సరుకు అదే, బుట్ట అదే. కొనేవాడు లేకపోతే ధర దిగుతుంది. మావాళ్లు ఓడిన కొద్దీ అమ్ముకునేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. ఆట మొదలయ్యే గంట ముందు చూస్తే చేతిలో ఉన్న టికెట్ వదిలించుకోవడానికి ఒకడి మీద ఒకడు తగ్గిస్తుంటాడు. ఆ 121లో ప్రతి ఓటమీ నా పర్సులో పడింది.

శ్రీవారు: మరి 2025లో 60 గెలిచారుగా. నీకు నష్టమే.

శ్రీమతి: 102 ఓడారు కూడా. వరసగా మూడో ఏడాది వంద దాటింది. నాకేం దిగుల్లేదు.

(పులుసు చిటపటమని ఎగిరి చేతిమీద పడుతుంది. ఆవిడ మంట తగ్గిస్తుంది.)

శ్రీవారు: చవక చవక అంటావు. మంగళవారం, బుధవారం, చిన్న జట్టు వస్తే రిగ్లీలోనూ దిగుతుంది. ఏప్రిల్లో అయితే ఇంకా.

శ్రీమతి: ఏప్రిల్లో ఎందుకు దిగుతుందో చెప్పరేం? మిషిగన్ సరస్సు మీంచి గాలి లోపలికి కొడితే హోమ్ రన్, అంటే మన సిక్సర్‌లాంటిది, కావాల్సిన బంతి కూడా వెనక్కొచ్చి ఫీల్డరు ఒళ్లో పడుతుంది. మనం రెండు స్వెటర్ల మీద దుప్పటి కప్పుకుని అది చూడాలి. పైగా మీరు చవకని కొనే సీటు ఎక్కడ? 200 సెక్షన్లలో వెనక వరసలు.

శ్రీవారు: దానికేం? పైన కప్పుంది. వాన పడదు.

శ్రీమతి: ఎండా పడదు. బంతీ కనపడదు. పై అంతస్తు నెత్తిమీదికి వచ్చేసి ఉంటుంది కదా, బంతి కాస్త గాల్లోకి లేచిందంటే మాయం. పరిగెత్తే ఫీల్డరు మొహం చూసి మనం ఊహించుకోవాలి. పైగా పాతకాలపు ఇనప స్తంభాలు. పోయినసారి మీ ముందున్న స్తంభం బంతి వేసే పిచర్ని మింగేసింది. తొమ్మిది ఇన్నింగ్స్ బంతి పట్టే కేచర్ని చూసొచ్చారు.

శ్రీవారు: కేచర్ ఆట కూడా నేర్చుకోవాలి.

శ్రీమతి: కొనేముందు సీటు దగ్గర్నుంచి తీసిన ఫోటో చూడమన్నాను. ‘పాక్షిక దృశ్యం’ అని రాసుంటే కొనద్దన్నాను. 200ల్లో తీసుకుంటే ముందు వరసలు, లేదంటే ఏకంగా పై అంతస్తు. పైనుంచి గాలి కొట్టినా మైదానమంతా విస్తరిలా కనపడుతుంది.

శ్రీవారు: అంత తెలిసినదానివి రిగ్లీ వద్దంటావేం?

శ్రీమతి: రైల్లో దూరం కాబట్టి. ఇక్కడ ఎక్కితే యూనియన్ స్టేషన్‌లో దిగుతాం. అక్కణ్ణుంచి తూర్పుకి నడిచి జాక్సన్ దగ్గర రెడ్ లైన్ సిటీ రైలు ఎక్కాలి. రిగ్లీకి దిగే మీ అడిసన్ తొమ్మిదో స్టాపు. మా సాక్స్ స్టాపు నాలుగోది. ఆదివారం అయితే ఇక్కడ ఎక్కే మెట్రా రైల్లో ఆ రోజుకి పాస్ తీసుకుంటే అదీ అక్కర్లేదు. లసాల్ స్ట్రీట్ స్టేషన్‌కి నడిచి రాక్ ఐలండ్ లైన్ ఎక్కితే అదే పాస్ మీద మైదానం పక్కనే దింపుతాడు. కాకపోతే ఆదివారం బండ్లు తక్కువ. టైము చూసుకోకపోతే ప్లాట్‌ఫాం మీదే మొదటి రెండు ఇన్నింగ్స్ అయిపోతాయి.

శ్రీవారు: కారులో వెళ్తే?

శ్రీమతి: కారు పెట్టే చోటు టికెట్ కన్నా ఎక్కువ తినేస్తుంది. కారుకే ఓ సీటు కొన్నట్టు.

శ్రీవారు: తిండి?

శ్రీమతి: (గరిటె ఎత్తి చూపిస్తూ) ఇదేమిటనుకుంటున్నారు? మా మైదానంలో ఇంటి తిండి రానిస్తారు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచిలో ఉండాలి. మనిషికో నీళ్ల సీసా, మూత తియ్యనిది, లీటరు లోపు. స్టీలు డబ్బా పట్టుకెళ్తే గేటు దగ్గరే ఆగిపోతాం. బయల్దేరే రోజు ఒకసారి వాళ్ల సైటులో రూల్సు చూసుకుంటే సరి.

శ్రీవారు: జిప్‌లాక్‌లో పులిహోరా!

శ్రీమతి: మూడు గ్లాసుల బియ్యం. పలుకుగా వండి, పళ్లెంలో పరిచి, నూనె చుక్క, పసుపు వేసి పూర్తిగా చల్లార్చాలి. వేడి మీద సంచిలో మూస్తే ఆవిరి నీరై కారి, మూడో ఇన్నింగ్స్‌కి ముద్ద, ఏడో ఇన్నింగ్స్‌కి వాసన. అందరికీ కలిపి ఒక పెద్ద సంచి కాదు, మనిషికో చిన్నది. ఒళ్లో పెట్టుకుని స్పూనుతో తినాలి కదా. పెరుగన్నం మాత్రం వద్దు. సంచి పిసికితే ముందు వరసవాడి మెడలో పడుతుంది.

శ్రీవారు: బేస్‌బాల్‌కి వెళ్లి హాట్ డాగ్ తినకపోతే తిరుపతి వెళ్లి లడ్డు తేనట్టు.

శ్రీమతి: మీరు తినండి. ఆవపిండి సాస్, ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిరప, ఊరబెట్టిన దోసకాయ అన్నీ వేస్తారు. కెచప్ మాత్రం అడక్కండి, ఈ ఊళ్లో అది మహాపాపం. మా పిల్లలకి నేను ఎలోటే కొనిపెడతాను. మొక్కజొన్న గింజలు వేడిగా వలిచి, వెన్న, జున్ను పొడి, కారం, నిమ్మరసం. కృష్ణా కరకట్ట మీద పొత్తు కాల్చి నిమ్మకాయ రుద్దినట్టే ఉంటుంది. అది మా మైదానంలోనే గొప్ప.

శ్రీవారు: గొప్ప జట్టు లేనిచోట మొక్కజొన్న గొప్ప.

శ్రీమతి: 2005లో గొప్పే. హ్యూస్టన్‌ని నాలుగు సున్నాతో ఊడ్చేశాం. 1917 తర్వాత అదే. ఆ సిరీస్ మొదటి ఆటకి జనంలో కూర్చుని టీవీలో పడ్డాయనెవరు? ఇప్పటి పోప్ పద్నాలుగో లియో. మావాడే.

శ్రీవారు: పాపం, 2024 చూశాక ఆయనకి ప్రార్థన తప్ప దారేముంది? మాకు ఆ అవసరం లేదు. 2016, క్లీవ్‌లాండ్‌లో ఏడో ఆట. తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఆరు ఆరు. వాన వచ్చి పదిహేడు నిమిషాలు ఆపారు. పదో ఇన్నింగ్స్‌లో ఎనిమిది ఏడు! నూట ఎనిమిదేళ్ల తర్వాత!

శ్రీమతి: ఒకాయన రిగ్లీకి తెచ్చిన మేకని బయటికి పంపినందుకు శాపం తగిలిందని డెబ్బై ఏళ్లు ఏడ్చారు. మేకకి టికెట్ కొన్నవాడే ఉన్నాడు, పెళ్లానికి మంచి సీటు కొనని మీలాంటివాళ్లూ ఉన్నారు.

శ్రీవారు: మీ తమ్ముడికి ఆట అర్థమవుతుందా అసలు? ‘వికెట్ ఎప్పుడు పడుతుంది బావా’ అని మూడు గంటలు ప్రాణం తీస్తాడు.

శ్రీమతి: మూడు గంటలు పాతమాట. 2023లో పిచర్‌కి గడియారం పెట్టాక సగటున రెండు గంటల నలభై నిమిషాలకి వచ్చింది. బేసుల మీద ఎవరూ లేకపోతే పదిహేను సెకన్లలో వెయ్యాలి. ఆలస్యమైతే వెయ్యని బంతినే ‘బాల్’ అని, అంటే తప్పు బంతిగా, లెక్కేస్తారు. మనింట్లో కూడా అలాంటిదొకటి గోడకి కొట్టించాలి, మీరు స్నానానికి లేవడానికి. స్కోరు రాసే కాగితం వాడి చేతికిచ్చి అంకెలు చెప్తాను. పిచర్ ఒకటి, కేచర్ రెండు, మొదటి బేసు మూడు, రెండో బేసు నాలుగు, మూడో బేసు అయిదు, మధ్యలో షార్ట్‌స్టాప్ ఆరు. బంతి ఆరు దగ్గర్నుంచి నాలుక్కి, నాలుగు దగ్గర్నుంచి మూడుకి వెళ్లిందా, ఒకే దెబ్బకి రెండు వికెట్లు. బ్యాంకు ఉద్యోగి వాడు. అంకెలిస్తే నోరెత్తడు.

(ఆవిడ ఫోను టింగుమంటుంది. తడిచేతిని కొంగు లేక టీషర్టుకి తుడుచుకుని చూస్తుంది.)

శ్రీమతి: తమ్ముడే. టికెట్లు మారాయిట. అనుకున్న ఆదివారం కాదు, దాని తర్వాత వారం వస్తున్నారు.

శ్రీవారు: అయితే ఆదివారం ఆటా మారుతుంది. చూడు, రిగ్లీలో ఎవరొస్తున్నారో.

శ్రీమతి: ముందు మాది చూస్తాను. (వేలితో జరుపుతూ) ఇదేమిటి! పై అంతస్తులో చివరి వరసకే నేననుకున్న దానికి మూడింతలు! ఏదైనా బొమ్మలు పంచే రోజా? బాణాసంచా రోజా?

శ్రీవారు: నీ లెక్క ప్రకారం ధర పెరిగిందంటే గెలవడం మొదలెట్టినట్టే. అభినందనలు.

శ్రీమతి: గెలుపూ లేదు, పాడూ లేదు. ఎవరితో ఆటో చూడండి.

(శ్రీవారు ఫోను తీసుకుని, కళ్లజోడు నుదుటిమీదికి తోసి చూస్తారు. నవ్వు చెవులదాకా వెళ్తుంది.)

శ్రీవారు: కబ్స్! మీ మైదానంలో మావాళ్లు! చూశావా, మావాళ్లు కాలు పెడితే మీ కొట్టులో వంకాయ కూడా బంగారమే.

శ్రీమతి: సగం జనం నీలం టోపీలతో వచ్చి పడతారు. నా సీట్లో కూర్చుని నా మొక్కజొన్న తింటారు.

శ్రీవారు: ఆ రోజు రిగ్లీ ఖాళీ కాబట్టి నాకూ వేరే దారి లేదు. మీ మైదానమైనా వస్తాను. కొనెయ్. ఈసారి నేనే డబ్బిస్తాను.

శ్రీమతి: ఇవ్వండి. (చకచకా నొక్కుతూ) కింద 100 సెక్షన్లలో పక్కపక్కన అయిదు. అయిపోయింది. పైన 500లో, చిట్టచివరి వరసలో ఒకటి. అదీ అయిపోయింది.

శ్రీవారు: పైన ఒకటేమిటి? ఎవరికి?

శ్రీమతి: నీలం టోపీవాళ్లకి. ఒకప్పుడు 500 టికెట్ ఉన్నవాణ్ణి కింద అంతస్తులోకి అడుగుపెట్టనిచ్చేవాళ్లు కాదు. ఆ రూలు ఇప్పుడూ ఉంటే ఎంత బావుండు!

శ్రీవారు: మరి నా పులిహోర?

శ్రీమతి: గేటు దగ్గర మీ సంచి మీకిచ్చేస్తాను. మెట్లు చాలా నిటారు, రెయిలింగు పట్టుకుని ఎక్కండి. (స్టవ్ ఆర్పుతూ) పులుసు దగ్గరపడింది. ఉప్పు చూసి చెప్పండి.